బ్యాటరీ మార్చాలి, 11.4 వోల్ట్‌ది తీసి 11.1ది వేస్తే నడుస్తుందా?

నీలిమేఘం:
అందరికీ నమస్తే. నా ల్యాప్‌టాప్ కొని ఐదేళ్లయింది, ఈమధ్య చార్జర్ తీస్తే ఇరవై నిమిషాలు కూడా ఆగట్లేదు, 38 శాతం ఉంది అని చూపిస్తూనే టక్కున ఆఫ్ అయిపోతోంది. కొత్తది వేద్దామని మోడల్ పేరు కొట్టి వెతికితే మూడు రకాలొచ్చాయి, ఒకటి 11.4 వోల్ట్, ఒకటి 11.1, ఇంకోటి 15.2. మూడింటి కిందా మీ మోడల్‌కి సరిపోతుంది అనే రాసుంది! ఒకడైతే అదే సైజులో 7000 ఎంఏహెచ్ అంటున్నాడు. థీసిస్ రాస్తున్నా, మధ్యలో ఆఫ్ అయిన ప్రతిసారీ ప్రాణం పోయినంత పనవుతోంది. ఏది తీసుకోవాలో కొంచెం చెప్పండి.

పాతస్క్రూ:
మోడల్ పేరు పట్టుకుని వెతికితే ఇలాగే అవుతుందండి. ఒకే మోడల్ పేరు మీద కంపెనీలు రెండు మూడు రకాల బ్యాటరీలు పెట్టి అమ్ముతాయి, లోపల హార్డ్‌డిస్క్‌కి చోటు వదిలినదానికి చిన్నది, వదలనిదానికి పెద్దది, అలా. కాబట్టి ముందు షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, వెనక మూత విప్పి బ్యాటరీ మీద స్టిక్కర్ ఫోటో తీసుకోండి. దాని మీద పార్ట్ నంబర్ ఉంటుంది, వెతకాల్సింది ఆ నంబర్‌తో.

15.2ని అయితే మర్చిపోండి, అది నాలుగు సెల్స్ వరసగా కట్టింది, మీది మూడైతే అస్సలు కుదరదు.

రాత్రిబండి:
ఇంత కంగారు అక్కర్లేదనిపిస్తోంది బ్రో, నేను 10.8 ఉన్నచోట 11.1 వేసి రెండేళ్లు వాడా, ఏమీ కాలేదు.

పాతస్క్రూ:
@రాత్రిబండి మీది వేరే కేసు అండి. 10.8 అన్నా 11.1 అన్నా లోపల ఒకే రకం సెల్స్, ఒకరు సెల్‌కి 3.6 అని రాస్తారు, ఇంకొకరు 3.7 అని రాస్తారు, ఫుల్ చార్జ్ రెండిటికీ సెల్‌కి 4.2 వోల్టులే. 11.4లో ఉండేవి 3.8 సెల్స్, అవి 4.35 దాకా ఎక్కుతాయి. అంటే మూడు సెల్స్‌కి 11.1 రకంలో 12.6 దగ్గర ఆగాలి, 11.4 రకంలో 13.05 దాకా వెళ్తుంది. 11.4 కోసం పెట్టిన చోట 11.1 సెల్స్ వేస్తే ఓవర్‌చార్జ్ అయ్యే ప్రమాదం ఉంది. బ్యాటరీలో ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉంటుంది నిజమే, కానీ అది ఆఖరి అడ్డుగోడ, దాన్ని నమ్ముకుని లిథియం సెల్స్‌తో ప్రయోగాలు చేయకూడదు. నీలిమేఘం గారూ, స్టిక్కర్ మీద 11.4 ఉంటే 11.4యే తీసుకోండి.

చిన్నదీపం:
ఎంఏహెచ్ సంగతి నేను చెప్తా. ఎంఏహెచ్ ఎక్కువున్నా బోర్డుకేం కాదు, ఎక్కువసేపు వస్తుంది అంతే. కానీ పోల్చాల్సింది వాట్ అవర్స్, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి. వోల్టుల్ని ఎంఏహెచ్‌తో గుణించి వెయ్యితో భాగించండి, ఉదాహరణకి 11.4 వోల్ట్, 4000 ఎంఏహెచ్ అయితే 45.6. వాడు చెప్పే 7000 అయితే దాదాపు 80. అదే డబ్బాలో ముప్పావు వంతు ఎక్కువ కరెంటు ఎలా పడుతుంది చెప్పండి? స్టిక్కర్ మీద అబద్ధం రాశాడంటే లోపల సెల్స్ ఎలాంటివి వేశాడో కూడా నమ్మలేం, అలాంటి అమ్మకందారు జోలికే వెళ్లొద్దు.

నీలిమేఘం:
మూత విప్పా. 11.4 వోల్ట్, 4000 ఎంఏహెచ్, పార్ట్ నంబర్ దొరికింది. ఇంకో విషయం, టచ్‌ప్యాడ్ నెల రోజులుగా గట్టిగా నొక్కితే గానీ క్లిక్ అవ్వట్లేదు, దుమ్ము అనుకున్నా. ఇప్పుడు చూస్తే దాని కిందున్న సెల్ దిండులా ఉబ్బి ఉంది 😟

పాతస్క్రూ:
వెంటనే వాడకం ఆపేయండి! చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. కనెక్టర్‌ని గోరుతో మెల్లగా వెనక్కి లాగి, స్క్రూలు తీసి, బ్యాటరీ వంగకుండా బయటకు తీయండి, అంటుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో మాత్రం పెకలించొద్దు, రిపేర్ చేసేవాళ్లకి ఇచ్చేయండి. తీసింది మండే వస్తువులకి దూరంగా పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి, చెత్తబుట్టలో వద్దు. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా చార్జర్ మీదే నడుస్తాయి, కాకపోతే కరెంటు పోతే ఫైల్ పోతుంది, థీసిస్ ముందు ఇంకోచోట కాపీ పెట్టుకోండి.

ఆర్డర్ పెట్టేముందు ఫోటోలో కనెక్టర్ కూడా చూడండి, పిన్నులెన్ని, ఎర్ర వైర్లు ఏ పక్కన, వైరు బోర్డు దాకా అందుతుందా, స్క్రూ కన్నాలు కలుస్తున్నాయా.

నీలిమేఘం:
అదే పార్ట్ నంబర్‌ది వచ్చింది, వేశా. ఎర్ర వైర్ల పక్క, ఆరు కన్నాలు అన్నీ పాతదానిలాగే ఉన్నాయి. విండోస్ బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ 45,600 మిల్లీవాట్ అవర్స్ (అంటే ఆ 45.6 వాట్ అవర్సే), ఫుల్ చార్జ్ 45,100. టచ్‌ప్యాడ్ వేలు ఆనిస్తే చాలు క్లిక్ అవుతోంది. పాతస్క్రూ గారూ, ఆ ఉబ్బింది మీరు చెప్పకపోతే అలాగే ఒళ్లో పెట్టుకుని రాసుకుంటూ ఉండేదాన్ని, చాలా థ్యాంక్స్ అండి.