కయాక్ అడుగున చిల్లు: ఎం-సీల్ ఆగుతుందా, వెల్డింగే చేయాలా?

తెడ్డు_కూకట్‌పల్లి:
నాది తెడ్డుతో నడిపే చిన్న ప్లాస్టిక్ పడవ, ఒకరు పైన కూర్చునే సిట్-ఆన్-టాప్ కయాక్, పదడుగులు. కాంక్రీటు మీద ఈడ్చీ ఈడ్చీ తోక దగ్గర అడుగు అరిగిపోయింది. అక్కడ బొటనవేలు దూరేంత చిల్లు పడింది. దాని అంచు నుంచి రెండంగుళాల పగులు ముందుకు పాకింది. గంటసేపు నీళ్లలో ఉంటే లోపల అర బకెట్టు నీళ్లు చేరుతున్నాయి. ఏ ప్లాస్టిక్కో ఎక్కడా రాసి లేదు. ఎం-సీల్ అని ఒకరు, ఆరల్డైట్ అని ఒకరు, ఫైబర్‌గ్లాస్ అని ఇంకొకరు చెబుతున్నారు. ఇంట్లో హీట్ గన్ ఉంది. ఏం చేస్తే నిలుస్తుంది?

జీడిమెట్ల_మిస్త్రీ:
అన్నా, ఎం-సీల్ పెట్టి టైం ఖరాబ్ చేసుకోకు. పాలిథిలీన్ మీద ఏ గమ్మూ పట్టదు. ఎండినంక గోరుతోని లేపితే చేప పొలుసు లెక్క ఊడొస్తది. ఫైబర్‌గ్లాస్ గూడ గంతే. మన మేడ మీది నీళ్ల ట్యాంకు ఏ ప్లాస్టిక్కో ఇసొంటి కయాక్‌లు గూడ శానా మటుకు గదే. కరిగించి అతకాలె, వేరే దారి లేదు.

వేడిగాలి:
ముందు ప్లాస్టిక్ ఏమిటో తేల్చుకోండి. హ్యాచ్ (సామాను పెట్టే మూత) లోపల కనపడని చోట బ్లేడుతో సన్నటి తురుము తీసి, సబ్బు చుక్క కలిపిన నీళ్లలో ముంచి వదలండి. (సబ్బు లేకపోతే గాలి బుడగలు పట్టుకుని ఏదైనా తేలుతుంది.) పాలిథిలీన్ పైకి వస్తుంది. వెలిగిస్తే కొవ్వొత్తి వాసనతో చుక్కలు చుక్కలుగా కారుతుంది. మునిగిపోయి, మండిస్తే నల్లటి మసి పొగ వచ్చిందంటే ఏబీఎస్ అనే వేరే ప్లాస్టిక్ అనుకోండి. దానికి ఎపాక్సీ (ఎం-సీల్, ఆరల్డైట్ ఆ జాతివే) హాయిగా పట్టుకుంటుంది, మీ పని అక్కడే సులువైపోతుంది. ఇంకొకటి కూడా చూడాలి: సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తే కరిగి తీగ సాగాలి. కరగకుండా మెత్తబడి, చివరికి మాడితే అది క్రాస్‌లింక్డ్ రకం, వెల్డింగ్‌కు లొంగదు.

లొంగే రకమైతే, పగులు చివర 4 లేదా 5 మి.మీ. డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయండి. పగులు కంటికి కనపడేదాని కన్నా కాస్త ముందుకే ఉంటుంది, బిట్ అక్కడ దించాలి. ఇది చేయకపోతే ఎంత బాగా అతికినా ఆ కొస నుంచి మళ్లీ పాకుతుంది. పగులు పొడవునా బ్లేడుతో వి ఆకారంలో గాడి తీయండి. గాడికి రెండు వైపులా రెండేసి సెంటీమీటర్లు పైపొర గీకేయాలి. ఎండకు పాలిపోయిన ఆ పొర వెల్డింగ్‌ను పట్టనివ్వదు. గీకాక లోపలి నిగనిగలాడే రంగు బయటపడాలి. ఎమెరీ పేపరు వాడకండి, దాని రజను ప్లాస్టిక్‌లో ఇరుక్కుంటుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఇక వేలు పెట్టకుండా ఆ పూటే వెల్డింగ్ మొదలుపెట్టండి.

చిల్లుకు అదే జాతి ప్లాస్టిక్‌తో బిళ్ల కోసి, అంచులు వాలుగా చెక్కి, నాలుగు చోట్ల టాక్ వేసి (చుక్కలా కరిగించి అతికి) కూర్చోబెట్టండి. గన్‌కు సన్నటి నాజిల్ ఉండాలి, గాలి వేడి 280 నుంచి 300 డిగ్రీల మధ్య సరిపోతుంది. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: వేడంతా గాడి నింపే ప్లాస్టిక్ పుల్లకు, అంటే రాడ్‌కు పెడతారు. రాడ్ కాదు, పడవ కరగాలి. గాడి అంచులు తడిసినట్టు మెరిశాక రాడ్ నిలువుగా నొక్కుతూ నెమ్మదిగా జరపండి, రాడ్‌కు రెండు పక్కలా కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా పొంగాలి. ఆ గట్టు రాలేదంటే చూడ్డానికి బాగున్నా చల్లారాక ప్లయర్‌తో లాగితే రాడ్ మొత్తం లేచి వస్తుంది. పొగ వచ్చి రంగు మారితే వేడెక్కువైనట్టు, ఆ ముక్క పెళుసుబారింది, గీకి మళ్లీ వేయాలి. లోపల ఫోమ్ దిమ్మ ఉంటే ముందే బయటికి లాగేయండి.

జాలీ_పట్టీ:
పై పద్ధతి సరైనదే కానీ అరిగిన తోక కదా, గోడ అక్కడ కాగితంలా పలచబడి ఉంటుంది. గన్ పెడితే లోపలికి కుంగుతుంది. చిల్లు చుట్టూ 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, బల్లపరుపు బిట్ నయం. సన్నటి స్టెయిన్‌లెస్ జాలీ ముక్కను చిల్లు కన్నా మూడు సెంటీమీటర్లు పెద్దగా కోసి, ఐరన్‌తో ఒత్తి ప్లాస్టిక్‌లోకి దించండి. దాని మీద ప్లాస్టిక్ పోసి తీగ ఒక్కటీ కనపడకుండా కప్పేయాలి. మామూలు ఇనప జాలీ తుప్పు పడుతుంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో స్టెయిన్‌లెస్‌దని అడిగి తీసుకోండి. అతుకు అంచులు వాలుగా సాగదీసి అడుగులో కలిపేయండి. మందంగా దిమ్మలా వదిలితే పడవ వంగినప్పుడల్లా ఆ అంచు వెంటే కొత్త పగులు మొదలవుతుంది.

"ఏ గమ్మూ పట్టదు" అన్నదానికి చిన్న సవరణ. బ్యూటేన్ టార్చ్ నీలి మంట కొసను ప్లాస్టిక్ మీద ఎక్కడా ఆగకుండా చకచకా తిప్పితే, నీళ్లు ముత్యాలు కట్టకుండా పలచగా పరుచుకుంటాయి. ఆరగానే జీ-ఫ్లెక్స్ లాంటి వంగే ఎపాక్సీ వేస్తే పట్టుకుంటుంది. క్రాస్‌లింక్డ్ పడవకు అదే దిక్కు. మామూలు దానికి మాత్రం వెల్డింగే మేలు.

తెడ్డు_కూకట్‌పల్లి:
తురుము తేలింది, కొవ్వొత్తి వాసనే, తీగ కూడా సాగింది. దుకాణంలో ప్లాస్టిక్ రాడ్ అడిగితే పీపీ (పాలిప్రొపిలీన్) ఇచ్చారు. పాత నీళ్ల ట్యాంకు ముక్క కూడా ఉంది. ఏది వాడను?

వేడిగాలి:
పీపీ తిరిగి ఇచ్చేయండి. అది కరిగేది 160 డిగ్రీల పైన, మీ పడవ 125 దగ్గరే కరుగుతుంది. పోనీ రెండూ కరిగించినా ఒకదానిలో ఒకటి కలవవు. ఎల్‌ఎల్‌డీపీఈ (పాలిథిలీన్‌లో ఒక రకం) రాడ్, 3 లేదా 4 మి.మీ. అని పేరు పెట్టి అడగండి. పాలిథిలీన్‌లోనే ఇంకో రకమైన హెచ్‌డీపీఈ ఇచ్చినా నడుస్తుంది, కాస్త బిరుసు.

ట్యాంకు ముక్కను మధ్యకు మడిచి చూడండి. తెల్లబడి చిట్లితే ఎండ తినేసిందన్నమాట, పారేయండి. చిట్లకపోతే పైపొర గీకేసి నాలుగేసి మిల్లీమీటర్ల పట్టీలుగా కోసుకుని రాడ్‌లా వాడుకోవచ్చు. నల్ల ట్యాంకైనా ఫర్వాలేదు, ఆ కార్బన్ నలుపు ఎండను బాగానే ఓర్చుకుంటుంది. ముందు పాత ముక్క మీదే ఒక పట్టీ అతికి, చల్లారాక లాగి చూసుకోండి. వెల్డింగ్ వేడి మీదుండగా నీళ్లు చల్లకండి. గబుక్కున ముడుచుకుని అంచుల్లో బిగుతు పుడుతుంది.

జీడిమెట్ల_మిస్త్రీ:
చేతగాదనిపిస్తే మా దిక్కు హెచ్‌డీపీఈ ట్యాంకులు చేసే ఫ్యాబ్రికేటర్లను అడుగు, హాట్ ఎయిర్ వెల్డింగ్ అంటే సమజైతది. అయినంక ఒక బకెట్టు నీళ్లు లోపల పోసి, ముందు దిక్కు ఇటుకల మీద ఎత్తి, తోక కింద పొడి పేపరు పరిచి అరగంట ఆగు. పేపరు తడవకుంటే అతుకు మంచిగున్నట్టే. గట్లైనా చెరువుల పోయినంక నీళ్లొస్తే స్కప్పర్ రంధ్రాల (కూసునే కాడి నీళ్లు కిందికి పోయే తూట్లు) లోపలి అంచులు చూడు, పడవను మోసే ట్రాలీ పెగ్గులు గుచ్చి ఆడ్నే పగులుతయి. గదీ కాకుంటే డ్రెయిన్ ప్లగ్గు వాషర్ మార్చు.