అక్వేరియం స్టాండుకి ఊడదీసుకునే పలకలు: ఎవరెవరు ఎలా చేయించారు?

భీమవరం_ఏంజెల్
అందరికీ నమస్తే అండి. మా హాల్లో 4 అడుగుల ట్యాంకు ఉంది, వెడల్పూ ఎత్తూ అడుగున్నర చొప్పున. కింద చదరపు ఇనుప పైపులతో చేసిన స్టాండు, ఎత్తు రెండున్నర అడుగులు. పైన ఏంజెల్ చేపలూ మొక్కలూ చూడ్డానికి బావుంటాయి గానీ కింద చూస్తే క్యానిస్టర్ ఫిల్టరు, ఎయిర్ పంపు, పైపులు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, మేత డబ్బాలు, బకెట్టు. ఇంటికొచ్చినవాళ్ల చూపు ముందు అక్కడికే పోతుంది. తలుపులు పెట్టిద్దామంటే ఎదురుగా సోఫా, సగం కూడా తెరుచుకోవు. కార్పెంటర్ని అడిగితే చుట్టూ 18 ఎంఎం ప్లై కొట్టి మూసేద్దాం అంటున్నాడు. నాకలా వద్దు. ముందు ఒకటి, పక్కలకి రెండు పలకలు కావాలి, ఫిల్టరు కడిగే రోజున సులువుగా తీసి గోడకి ఆనించేలా ఉండాలి. వెనక గోడే కాబట్టి అక్కడేం అక్కర్లేదు. ట్యాంకులో నీళ్లున్నాయి, ఖాళీ చేసే ఉద్దేశం లేదు. చేయించుకున్నవాళ్లు కాస్త చెప్పండి.

రాజోలు_చిత్రిక
మాది వడ్రంగం ఇల్లండి, ఇలాంటివి చేస్తూనే ఉంటాం. ముందు బరువు సంగతి. మీ ట్యాంకు 9 ఘనపుటడుగులు, ఒక్కో ఘనపుటడుగుకి 28 లీటర్ల పైమాటే, అంటే నిండా పోస్తే 250 లీటర్లు. గాజు, ఇసుక, రాళ్లు కలుపుకుంటే 300 కిలోలు దాటుతుంది. ఆ బరువంతా ఇనుప స్టాండే మొయ్యాలి, పలక మీద ఒక్క కిలో కూడా పడకూడదు. పలక పని కళ్లకి అడ్డం నిలబడటం, అంతే. అందుకే మీ కార్పెంటర్ చెప్పిన 18 ఎంఎం అనవసరం. మీ ముందు పలక సుమారు 10 చదరపుటడుగులు, అది 18 ఎంఎం ప్లైతో చేస్తే 11 కిలోల దాకా తూగుతుంది, రోజూ తీసేది కాదు. 12 ఎంఎం అయితే 7 కిలోల పైన. 6 ఎంఎం ప్లైకి చుట్టూ టేకు రిపీసు (సన్నటి చెక్క పట్టీ) ఫ్రేము కడితే ఇంకా తేలిక, పైగా వెనకనుంచి ఫ్రేము పట్టుకుని ఎత్తడానికి వీలుగా ఉంటుంది.

ఇంకోటి, పై పైపుకి కొక్కెం తగిలిద్దామని ట్యాంకు కిందున్న చెక్కకీ పైపుకీ మధ్య రేకు ముక్క దూర్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. రేకు మందం ఎంత తక్కువైనా గాజు అడుగున ఒక్కచోటే ఒత్తుతుంది, బీట పడటానికి అది చాలు. అలాగే నీళ్లున్న ట్యాంకు కింద వెల్డింగు పెట్టడం, పైపుకి డ్రిల్లు కొట్టడం కూడా వద్దు.

పాలకొల్లు_గప్పీ
ఇనుప స్టాండు అన్నారుగా, ఇక అయస్కాంతాలే. మా ఇంట్లో అవే పెట్టాం. చిన్న కప్పులాంటి ఇనుప గిన్నెలో బిగించి, మధ్యలో స్క్రూ బెజ్జంతో వస్తాయి, నియోడిమియం అని అడగండి. పలక వెనక నాలుగు మూలలా పైపులు ఎక్కడ తగులుతాయో అక్కడ గుర్తు పెట్టి, చెక్కలో కొంచెం గుంత తీసి బిగిస్తే పైకి ఏమీ కనపడదు. దగ్గరికి తీసుకెళ్తే చాలు, టక్కున పట్టేస్తుంది.

కాలువగట్టు_తణుకు
అయస్కాంతం బాగానే పట్టుకుంటుంది గానీ దాని మీద పలకని వేలాడదీయొద్దండి. ప్యాకెట్టు మీద రాసే కిలోల లెక్క తిన్నగా వెనక్కి లాగితే ఎంత బలం కావాలో చెప్పేది, అది కూడా మందపాటి ఇనుము మీద, రంగు లేకుండా. కిందికి జారే బలానికి అందులో చిన్న భాగమే ఆగుతుంది. మధ్యలో పెయింటు పొర మందంగా ఉన్నా పట్టు ఇంకా తగ్గుతుంది. కాబట్టి పలక బరువు నేల మీదే ఉండాలి, అడుగున రెండు నైలాన్ బుష్షులు (చిన్న కాళ్లు) కొట్టించి నిలబెట్టండి, అయస్కాంతం దాన్ని ముందుకి పడిపోకుండా పట్టుకుంటే చాలు. మన హాళ్లకి కడుగుడు నీళ్లు పోవడానికి వాలు పెడతారు కదా, అందుకని తిప్పితే ఎత్తు మారే స్క్రూ బుష్షులు దొరుకుతాయి, అవైతే పలక వంకర లేకుండా నిలబడుతుంది.

అడుగున సెంటీమీటరు సందు తప్పకుండా వదలండి. నేల తుడిచిన తడి ప్లై అంచుకి తగిలితే అక్కడినుంచే పైకి పీల్చుకుంటుంది. ఆ సందుకి ఇంకో ఉపయోగం ఉంది, ఫిల్టరు పైపు కారితే నీళ్లు బయటికి వచ్చి కనపడతాయి. పూర్తిగా మూసేస్తే లోపల ఎప్పటినుంచి కారుతోందో కూడా తెలీదు.

యానాం_నీలం
మా స్టాండు స్టీలు పైపుది, అయస్కాంతం అస్సలు అంటుకోవట్లేదు. ఇప్పుడెలా అండి?

పాలకొల్లు_గప్పీ
అది 304 రకం స్టీలు అయ్యుంటుంది చెల్లీ, దానికి అయస్కాంతం అంటుకోదు. రెండంగుళాల ఇనుప పట్టీ ముక్కలు కొనుక్కుని, రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే రంగు) కొట్టి, రెండువైపులా జిగురున్న మందపాటి టేపుతో పైపుకి అతికించు. బరువు నేల మీద ఉంటుంది కాబట్టి టేపుకి పెద్ద శ్రమ ఉండదు. అతికించే ముందు పైపుని స్పిరిట్‌తో తుడవడం మర్చిపోకు, ఉప్పు గాలికి పైన జిడ్డు పొర పేరుకుంటుంది.

అంతర్వేది_కెరటం
నేను అయస్కాంతానికి పూర్తిగా ఒప్పుకోనండి. సముద్రం దగ్గర ఉన్నవాళ్లకి అది నమ్మకం లేని వస్తువు. ఆ మెరిసే పూత ఒక్కచోట లేచిందంటే లోపలిది తుప్పు పట్టి పొడిపొడిగా రాలుతుంది. స్టాండు కొత్తగా చేయించుకునేవాళ్లు పెయింటుకి ముందే పైపులకి కొక్కేలు వెల్డింగు చేయించుకోవడం మంచిది. లేదా రెండు చెక్క పట్టీలు ఏటవాలుగా కోయించి, ఒకటి స్టాండుకి పైకి చూసేలా, ఒకటి పలకకి కిందికి చూసేలా బిగిస్తే ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. పలకని ఎత్తితే వచ్చేస్తుంది, వదిలితే బరువుకి అదే బిగుసుకుంటుంది. మా ఇంట్లో సముద్రపు గాలికి గేటు గొళ్లేలే నిలవవు, ఈ చెక్క పట్టీలు మాత్రం చెక్కుచెదరలేదు.

రాజోలు_చిత్రిక
అన్నయ్య చెప్పింది కొత్త స్టాండుకి నూటికి నూరుపాళ్లు నిజం, నేనూ అదే చేస్తాను. కానీ భీమవరం తమ్ముడిది నీళ్లున్న ట్యాంకు. అక్కడ బిగించడానికి వీల్లేదు, నేల మీద నిలబెట్టి అయస్కాంతంతో ఆపడమే దారి. పూత లేస్తుందని భయముంటే బిగించాక దాని మీద నెయిల్ పాలిష్ ఒక పూత వేస్తే చాలు.

తణుకు_టీచర్
చెక్క ఏది వాడాలో కూడా చెప్పండి, షాపులో ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన బోర్డు) చవగ్గా చూపించారు.

రాజోలు_చిత్రిక
ఎండీఎఫ్ నీళ్ల దగ్గర వద్దమ్మా. అంచు తడిసిందంటే ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ మామూలుగా కాదు. ప్లై తీసుకుంటే మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 ఎంఆర్ అని ఉంటే అది మామూలు తేమకి తట్టుకునేది, నీళ్లకి కాదు. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ ప్లై, 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్ష చేస్తారు. రేటు ఎక్కువే, కానీ మీకు కావలసింది ఒక్క షీటు. రంగు వేసేద్దాం అనుకుంటే పీవీసీ ఫోమ్ బోర్డు కూడా పనికొస్తుంది, నీళ్లూ చెదలూ రెండూ అంటవు, కాకపోతే స్క్రూ పట్టు తక్కువ, అందుకని అయస్కాంతం బిగించేచోట వెనక చెక్క ముక్క అతికించాలి.

సన్‌మైకా అతికించేవాళ్లు రెండువైపులా అతికించండి, లోపలివైపు చవక రకమైనా సరే. 6 ఎంఎం ప్లైకి ఒకవైపే అతికిస్తే వానాకాలానికి విల్లులా వంగి కూర్చుంటుంది, అయస్కాంతాలు పైపుకి తగలవు కూడా.

కాలువగట్టు_తణుకు
చెదల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇది అందరూ చదవాలి. చెక్కపని అయ్యాక చెదల మందు కొట్టడం మన వైపు అలవాటు. ట్యాంకు ఉన్న గదిలో ఆ పని చెయ్యొద్దు. క్లోర్‌పైరిఫాస్ గానీ, పైరిథ్రాయిడ్ రకాలు గానీ చేపలు చావడానికి కొద్దిపాటి మోతాదు చాలు. చెరువులు చేసేవాళ్ల ఇళ్లలో ఈ సంగతి పిల్లలకి కూడా తెలుసు, కానీ ఇంటి ట్యాంకు దగ్గరికొచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు. ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి కొడుతుంది కదా, గదిలో ఏ వాసన ఉంటే అది లోపలికి పోతుంది. పాలిష్, పెయింటు, ఫెవికాల్ రకం జిగుర్లు, స్ప్రేలు అన్నింటికీ ఇదే మాట. పలకలు వరండాలోనో మేడ మీదో పూర్తి చేసి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన అస్సలు రాకూడదు, అప్పుడే లోపలికి తేవాలి. పలకలు విడిగా ఊడొచ్చేవి కావడంలో నాకు బాగా నచ్చేది ఇదే, ఎప్పుడు మళ్లీ పాలిష్ కావాలన్నా బయటికి తీసుకుపోవచ్చు. వానల్లో మాత్రం లక్క పాలిష్ పెట్టించకండి, గాల్లో తేమకి తెల్లబారుతుంది.

నరసాపురం_లేసు
మీరందరూ చెక్క గురించే చెప్తున్నారు, నేను వేరేలా చేయించాను. మా ఇంట్లో అమ్మమ్మ కాలంనుంచి కుట్టే లేసు పని ఉంది. ముందు పలకకి టేకు ఫ్రేము ఒక్కటే, మధ్యలో ప్లై లేదు, దాని బదులు లేసు గుడ్డ సాగదీసి కట్టాం. ఫ్రేము లోపలి అంచు వెంట చిన్న ఇత్తడి కొక్కేలు కొట్టించి, లేసు అంచున ఉండే కన్నాలు ఒక్కొక్కటీ వాటికి తగిలించాను, జిగురు ఎక్కడా వాడలేదు. వెనకాల ముదురు ఆకుపచ్చ నూలు గుడ్డ వేస్తే వైర్లు అస్సలు కనపడవు, తెల్ల దారం డిజైను మాత్రం ఆ ఆకుపచ్చ మీద బాగా తేలుతుంది. లేసుకి చాలా పలచగా గంజి పెడితేనే పువ్వుల రేకులు విప్పారి నిలబడతాయి, గంజి చిక్కనైతే చీమలు పడతాయి. దుమ్ము పట్టాక విప్పి ఉతికి మళ్లీ తగిలించడమే. గాలి ఎంచక్కా ఆడుతుంది, పిల్లలు కూడా ఎత్తగలిగేంత తేలిక.

తణుకు_టీచర్
అక్కా, ఎంత బావుందో వినడానికే! పోటో పెట్టండి. బండారులంక నేత గుడ్డ వెనకాల వేసినా బావుంటుందేమో.

నరసాపురం_లేసు
వెయ్యొచ్చు టీచర్ గారూ, అంచు లేని గుడ్డ తీసుకోండి, అంచు ఉంటే లేసు డిజైనుతో కలిసి కళ్లకి గజిబిజి అవుతుంది.

ముమ్మిడివరం_లంక
గాలి మాట ఎత్తారు కాబట్టి నాదీ ఒక మాట. కింద సంప్ (ఫిల్టరు నీళ్ల తొట్టె) ఉన్నవాళ్లు పూర్తిగా మూసే పలకలు పెడితే లోపల ఆవిరి చెమర్చి స్టాండు పైపులకి తుప్పు, పలక వెనక బూజు వస్తాయి. పైన జాలీ, అడుగున సందు, రెండూ ఉండాలి, అడుగునుంచి చల్లగాలి వచ్చి పైనుంచి పోతుంది. భీమవరంలో, రాజమండ్రిలో సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే కోత మిషను) మీద జాలీ కోసేవాళ్లు ఉన్నారు, డిజైను ఇస్తే పలకలోనే కోసిస్తారు. వెదురు తడక, తుంగచాప పెడదాం అనేవాళ్లు వానాకాలంలో ఎండ కాసినప్పుడల్లా బయటికి తీసి ఆరబెట్టగలిగితేనే పెట్టండి.

ఊడదీసే పలకల విలువ మాకు 2022 జూలైలో తెలిసిందండి. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో నీళ్లు గుమ్మం ఎక్కాయి. సామాను పైకి చేరవేసే హడావుడిలో పలకలు మూడూ ఊడదీసి అటక మీద పెట్టేశాం, ఫిల్టరు మోటారూ ఎక్స్‌టెన్షన్ బాక్సూ ఆ వెంటనే పైకెత్తాం. పక్కింట్లో మేకులు కొట్టి మూసిన బీరువా స్టాండు నీళ్లలోనే నానింది, అడుగంతా పొరలు పొరలుగా విచ్చిపోయింది.

కాలువగట్టు_తణుకు
వరదే రానక్కర్లేదండి, గాలివాన చాలు. తుపాను వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. చీకట్లో బ్యాటరీ పంపు తగిలించాలంటే చెయ్యి నేరుగా లోపలికి పోవాలి. అందుకని ముందు పలక పై అంచున వేలు దూరేంత అరచందమామ గంటు కోయించండి, పైకి పిడి అక్కర్లేదు, చీకట్లో తడిమినా దొరుకుతుంది. కరెంటు పోయినప్పుడు ఎయిర్ పైపు గుండా నీళ్లు వెనక్కి వచ్చి పంపులోకి దిగుతాయి, నాన్ రిటర్న్ వాల్వు పెట్టి తీరాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద వద్దు, స్టాండు పక్క పైపుకి ఎత్తుగా కట్టండి. ట్యాంకునుంచి వచ్చే ప్రతి వైరూ బాక్సు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి లేచి ప్లగ్గులోకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మీటరు దగ్గర 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) ఉందో లేదో చూసుకోండి. పలక పెట్టాక ఇవేవీ కనపడవు, అందుకే పెట్టకముందే సరిచూసుకోవాలి.

అంతర్వేది_కెరటం
పలక పెట్టాక గుయ్‌మని మోత వస్తుంటే ఎయిర్ పంపు అదురు పైపులనుంచి పలకకి పాకుతున్నట్టు. పైపు తగిలేచోట పలచటి ఫోమ్ టేపు ముక్కలు అతికించి, పంపు కింద స్పాంజి పెడితే ఆగుతుంది. టేపు అయస్కాంతం మీదికి రాకూడదు, పక్కన వెయ్యండి.

భీమవరం_ఏంజెల్
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. నా నిర్ణయం ఇది: ఐఎస్ 710 ప్లై 12 ఎంఎం, పక్క పలకలు సాదాగా, ముందు పలకకి మధ్యలో కిటికీలా కోయించి నరసాపురం అక్క చెప్పినట్టు లేసు, నేల మీద స్క్రూ బుష్షులు, నాలుగు మూలలా అయస్కాంతాలు, పాలిష్ మేడ మీద. 8 అడుగులకి 4 అడుగుల షీటు ఒక్కటి సరిపోతుందా? ముందు పలక వెడల్పు ఖచ్చితంగా 4 అడుగులే పెట్టనా?

రాజోలు_చిత్రిక
4 అడుగులు పెడితే పక్క పలకల అంచులు ముందునుంచి కనపడతాయి తమ్ముడూ. స్టాండు వెడల్పుకి రెండు పక్కల ప్లై మందం కలిపి, తీసి పెట్టడానికి చెరో 2 ఎంఎం వదులు, అంటే సుమారు 4 అడుగుల 1 అంగుళం పైన. ముందు పలక పక్కవాటి అంచులని కప్పాలి. పెట్టేటప్పుడు పక్కవి ముందు, ముందుది ఆఖర్న, తీసేటప్పుడు ఇది తిరగేసి. స్టాండు మూలలు నిజంగా మూలమట్టంగా ఉన్నాయో లేదో పైనా కిందా రెండుచోట్లా కొలవండి, వెల్డింగు స్టాండులు ఒక్కోసారి అర సెంటీమీటరు తేడా ఉంటాయి.

ఒక్క షీటు చాలు. 8 అడుగుల పొడవు వెంట రెండున్నర అడుగుల పట్టీ ఒకటి కోయించు, ఎత్తులో అడుగున వదిలే సెంటీమీటరు సందు తగ్గించుకుని. అందులో ఒక చివర అడుగున్నర పక్క పలక, మధ్యలో ముందు పలక, ఆ వెంటనే ఇంకో అడుగున్నర. మూడూ ఒకే వరుసలో వస్తే చెక్క గీత ఒక పక్కనుంచి మొదలై ముందునుంచి తిరిగి అటు పక్కకి తెగకుండా పోతుంది. కోసే ముందే మూడింటి వెనకా పెన్సిల్‌తో ఎడమ, ముందు, కుడి అని రాసి, పై అంచుకి బాణం గుర్తు పెట్టు. మిగిలిన అడుగున్నర ముక్క పారేయకు, ట్యాంకు పైన లైటు మూతకి సరిపోతుంది.