1910 సంతాప దినాల ఫొటోనా? చిత్తూరు రికార్డులు ఎక్కడ వెతకాలి?

చిత్తూరు కచేరీ (సర్కారు ఆఫీసు) ముందు తీసిన ఒక పాత ఫొటోకు తేదీ తేల్చాలి, సాయం చేయండి. జెండా సగానికి దించి ఉంది, అధికారుల చేతులకు నల్ల పట్టీలు. విక్టోరియా రాణి పోయినప్పటిదా (1901 జనవరి 22), ఆమె తర్వాత రాజైన కొడుకు ఏడో ఎడ్వర్డ్ పోయినప్పటిదా (1910 మే 6)? తెల్ల డ్రిల్లు (మందపాటి నూలు) బట్ట కోట్లు చూస్తే మే ఎండలే అనిపిస్తుంది గానీ అది గట్టి ఆధారం కాదు.

కొత్త రాజును ప్రకటించిన రోజు జెండా పైదాకా ఎగరేసి, తర్వాత మళ్లీ దించడం ఆనవాయితీ. లండన్‌లో ఐదో జార్జి ప్రకటన మే 9న, ఎడ్వర్డ్ అంత్యక్రియలు మే 20న. కాబట్టి జెండా పైన ఉన్న ఫొటోలనూ పక్కన పెట్టలేం.

అసలు చిక్కు రికార్డులతోనే. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటువి (తిరుపతి చంద్రగిరిలోనే), మదనపల్లె, వాయల్పాడు కడపవి. చిత్తూరు జిల్లా పేరుతో సూచికలు తిరగేస్తే 1910 కాగితాలు దొరకవు.

పాత మద్రాసు ప్రభుత్వ రికార్డులు దాచిన చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో వెతికినవాళ్లు చెప్పండి: సంతాప ఉత్తర్వులు ఏ శాఖ కట్టల్లో ఉంటాయి? ముందు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ (అప్పటి మద్రాసు ప్రభుత్వ రాజపత్రం) చూడటం మేలా? అప్పట్లో తిరుమల ఆలయం హథీరాంజీ మఠం మహంతుల (మఠాధిపతుల) చేతిలో ఉండేది. మఠం కాగితాల్లో ఈ సంతాపం ప్రస్తావన ఎవరికైనా కనబడిందా?