తేనె ఎప్పటికీ పాడవదు: ఒప్పుకుంటారా?

తేనెతుట్టె: ఇవాళ్టి వింత విషయం: తేనె ఎప్పటికీ పాడవదు. మకరందంలో 70 శాతం దాకా నీళ్లుంటే, తేనెటీగలు రెక్కలతో విసిరి విసిరి 18 శాతం దగ్గరికి తెస్తాయి. ఆపైన తుట్టెలోని గదికి మైనంతో మూత వేస్తాయి. అంత చిక్కటి తీపిలో సూక్ష్మజీవి పడితే ఆ తీపే దాని ఒంట్లోని నీటిని బయటికి లాగేస్తుంది.

నిజమేనా: "ఎప్పటికీ" తీసేయండి. మా సీసా పులిసి నురగ కక్కింది.

తేనెతుట్టె: కల్తీ అయ్యుంటుంది.

నిజమేనా: కాదు. మామయ్య తుట్టె పిండుతుంటే పక్కనే ఉన్నాను. ఈగలు ఇంకా మూత వేయని గదుల తేనె కూడా కలిపి పిండాడు. నీరు 20 శాతం దాటితే ఈస్టు ఊరుకోదు. మూత వదులుగా ఉన్నా తేనె గాలిలోని తడిని లాక్కుంటుంది.

చీమలబారు: మాది గడ్డకట్టింది. పారబోశాను.

తేనెతుట్టె: అయ్యో, అది గ్లూకోజు పలుకులు కట్టడమండీ! గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరిగేది. పాడవదని చెప్పకపోతే ఇలాగే పారబోస్తారు. నా దగ్గర పదేళ్ల సీసా ఉంది, నిన్న కూడా తిన్నాను.

చీమలబారు: పదేళ్లా! రంగు మారలేదా?

తేనెతుట్టె: నల్లబడింది. రుచి కాస్త మారింది. పాడవలేదు.

నిజమేనా: రంగూ రుచీ పోయినా పాడవలేదంటే ఇక వాదించేదేముంది? నా కోపం అసలు దాని మీద కాదు. మా చెల్లి కొడుక్కి అయిదో నెల. "తేనెలో ఏ క్రిమీ బతకదు" అని ఇలాంటి పోస్టే చూపించి ఒక బంధువు వాడికి నాకించబోయింది. చేయి పట్టుకుని ఆపాను. బొటులిజం అనే జబ్బు తెచ్చే బాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే విత్తనాల్లాంటివి, తేనెలో ఉండొచ్చు. అందులో పెరగవు, అలాగని చావవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారు చేస్తాయి. కండరాలు పట్టు తప్పుతాయి, ఊపిరికే ప్రమాదం. ఆ రోజు నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

తేనెతుట్టె: పసిబిడ్డలకు పెట్టమని నేనెక్కడ రాశాను?

నిజమేనా: వద్దని ఎక్కడ రాశారు?

రాత్రిపక్షి: మా పాపకి పది నెలలు. మరిగించి పెట్టొచ్చా?

నిజమేనా: వద్దండీ, మరిగించినా స్పోర్లు చావవు. ఏడాది నిండనివ్వండి.

తేనెతుట్టె: ఆ మాట నా పోస్టులో మొదటి వరుసగా పెట్టాను. "ఎప్పటికీ" మాత్రం తీయను. తడి తగలని తేనె విషయంలో నా మాట మారదు.