వ్యాయామం లేకుండా తిండితోనే బరువు తగ్గాలి: అన్నం ఎంత, నూనె ఎంత?

మజ్జిగపులుసు:
వయసు 38, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. మోకాలి లిగమెంట్ దెబ్బతినడంతో మూడు నెలలు నడక, మెట్లు వద్దన్నారు. షుగర్, థైరాయిడ్ లేవు. పొద్దున ఇడ్లీయో దోసెయో, మధ్యాహ్నం అన్నం, రోజుకు నాలుగు టీలు. రాత్రి అన్నం మానేసి మూడు చపాతీలు తింటున్నా నెల నుంచీ ముల్లు కదల్లేదు. తిండితోనే తగ్గడం కుదురుతుందా? "తక్కువ తినండి" అని కాకుండా లెక్క చెప్పండి.

తూకంరాయి:
కుదురుతుందండీ. ముందు చపాతీల సంగతి. ఒక్కో చపాతీకి 35 గ్రాముల పిండి అనుకుంటే మూడింటికి 350 కేలరీలు. కాల్చేటప్పుడు ఒక్కోదానికి ఒక చెంచా నూనె వేస్తే ఇంకో 120. మొత్తం 470. కుక్కర్‌తో వచ్చే కప్పుకి నిండా బియ్యం పోస్తే దాదాపు 150 గ్రాములు, అంటే 520 కేలరీలు. మీరు మానేసింది ఆ కప్పు అన్నమే అయితే మిగిలింది 50 కేలరీలు. ముల్లు ఎందుకు కదులుతుంది?

ఇప్పుడు మీ లెక్క. ఊరికే పడుకున్నా ఒంటికి రోజుకి ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో చెప్పే మిఫ్లిన్ సూత్రం ఆడవాళ్ళకి ఇది: బరువుని 10తో, ఎత్తుని 6.25తో హెచ్చవేసి కలపండి. అందులోంచి వయసుకి 5 రెట్లు, ఆపైన 161 తీసేయండి. మీకు 1,376 వస్తుంది. కదలిక తక్కువ కాబట్టి 1.2తో హెచ్చవేస్తే రోజు మొత్తం ఖర్చు 1,650. రోజుకి 1,270 దగ్గర తింటే 380 మిగులుతాయి. కిలో కొవ్వుకి సుమారు 7,700 కేలరీలు కనుక నెలకి కిలోన్నర. ఇంతకన్నా తొందరపడితే కండ కరుగుతుంది, జుట్టు ఊడుతుంది, పిత్తాశయంలో రాళ్ళ ముప్పు కూడా ఉంది.

ఒక రోజు ఇలా కూర్చుకోవచ్చు. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు చెంచాల నూనె, అల్లం పచ్చడి (పల్లీ చట్నీ కాదు). మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యం అన్నం, 30 గ్రాముల కందిపప్పు, 200 గ్రాముల కూర, కప్పు పలచటి పెరుగు, మొత్తం మీద రెండు చెంచాల నూనె. సాయంత్రం ఒక గుడ్డు, పంచదార లేని టీ. రాత్రి 40 గ్రాముల పిండితో ఒక జొన్నరొట్టె, 120 గ్రాముల చికెన్ లేదా 35 గ్రాముల ఎండు మీల్‌మేకర్ కూర, ఒక చెంచా నూనె. చెంచా అన్నచోటల్లా 5 ఎంఎల్ చెంచా, గరిటె కాదు. ఇందులో ప్రోటీన్ 60 నుంచి 70 గ్రాములు వస్తుంది. వ్యాయామం లేనప్పుడు కండ నిలబడటానికి ఉన్న పెద్ద ఆసరా అదే, అందుకే అన్నం ఇంకో ముద్ద తగ్గించినా పప్పు, గుడ్డు తగ్గించకండి.

టీలు మర్చిపోకండి. 80 ఎంఎల్ చిక్కటి పాలు, రెండు చెంచాల పంచదార వేస్తే కప్పుకి 110. నాలుగు కప్పులకి 440. మీరు మిగల్చాల్సిన 380 కన్నా ఎక్కువే.

రాగిసంకటి:
అన్నం బదులు రాగి సంకటి, కొర్రలు తింటే ఈ కొలతలన్నీ ఎందుకండీ? చిరుధాన్యాలతో బరువు దానంతటదే తగ్గుతుంది.

తూకంరాయి:
తగ్గదండీ. వంద గ్రాముల బియ్యం 350 కేలరీలైతే రాగిపిండి 320 పైనే, కొర్రలు దాదాపు బియ్యమంతే. పీచు ఎక్కువ కాబట్టి కొందరికి తొందరగా కడుపు నిండుతుంది, లాభం అంతవరకే. పెద్ద ముద్దలు రెండు లాగించి పైన నాటుకోడి పులుసు పోసుకుంటే లెక్క మళ్ళీ మొదటికే.

మజ్జిగపులుసు:
నలుగురికీ ఒకే కుక్కర్, ఒకే బాణలి. నా 60 గ్రాముల బియ్యం వేరుగా ఎలా వండను? నూనె కూడా అందరికీ కలిపే పోస్తాం.

పోపులడబ్బా:
వేరుగా వండక్కర్లేదు. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి కొనండి. ఖాళీ గిన్నె బరువు ఒకసారి తూచి రాసి పెట్టుకోండి. బియ్యం 500 గ్రాములు పోశారు, ఉడికాక గిన్నె బరువు తీసేస్తే అన్నం 1,400 గ్రాములు వచ్చిందనుకోండి. అంటే 2.8 రెట్లు. మీ వాటా 60ని 2.8తో హెచ్చవేస్తే 168 గ్రాముల అన్నం. కంచం త్రాసు మీద పెట్టి సున్నా చేసి వడ్డించుకోండి. నీళ్ళు మారితే రెట్లూ మారతాయి, పాతబియ్యం ఎక్కువ నీళ్ళు తాగుతుంది. అందుకే బియ్యం మార్చినప్పుడల్లా ఒకసారి తూచాలి.

నూనెకి ప్యాకెట్ లెక్క చాలు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు, 8,190 కేలరీలు. నలుగురికి నెలకి నాలుగు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకి 273 కేలరీలు నూనె నుంచే. ఒకటో తారీఖున మూడు లీటర్లు మాత్రం తెచ్చి, అవి అయిపోతే ఇక ఆ నెలకి లేదనుకోండి. గట్టిగా చూస్తే కూరలో కన్నా ఆవకాయ మీద తేలే నూనె, కందిపొడిలో నెయ్యి, పులిహోర పోపు, ఇవే లెక్కకి అందకుండా పోతాయి. కంచంలో పొడి వేసుకున్న రోజు నెయ్యి చెంచాతో కొలవండి, గిన్నె వంచకండి.

వెన్నపూస:
వీఆర్‌కే డైట్‌లో (అన్నం, చపాతీ లాంటివి మానేసి కొవ్వు ఎక్కువ తినే పద్ధతి) మొదటి వారమే మూడు నాలుగు కిలోలు పోతాయంటారు, మరి నెలకి కిలోన్నర ఏంటి?

తూకంరాయి:
ఆ మొదటి వారం పోయేది ఎక్కువగా నీళ్ళు. పిండిపదార్థం ఆపేస్తే ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ (గ్లైకోజెన్) ఖర్చవుతుంది, ఒక గ్రాముకి మూడు గ్రాముల దాకా నీళ్ళు అంటుకుని ఉంటాయి, అవీ పోతాయి. మళ్ళీ అన్నం తింటే రెండ్రోజుల్లో తిరిగొస్తాయి. ఇంకో మాట, ఇది చదివే షుగర్ ఉన్నవాళ్ళకి: గ్లిమెపిరైడ్ మాత్రలో, ఇన్సులినో వాడుతూ అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ముందు డాక్టరుతో డోసు మార్పించుకోవాలి.

మజ్జిగపులుసు:
బరువు ఎప్పుడు చూసుకోవాలి? రోజూ చూస్తుంటే గుండె గుభేల్‌మంటోంది.

పోపులడబ్బా:
పొద్దున లేచి బాత్రూంకి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు రోజూ చూడండి, రాయండి, కానీ ఏడు రోజుల సగటునే నమ్మండి. ముందురోజు ఊరగాయ ఎక్కువ పడినా, నెలసరి దగ్గరకొచ్చినా కిలో దాకా నీరు పడుతుంది. మూడు వారాల సగటు కదలకపోతే అప్పుడు కారణం వెతకండి, మొదట ఆదివారం తిండి లెక్క చూడండి. వారంలో ఆరు రోజులు 380 చొప్పున మిగిల్చినవి 2,280. ఆదివారం బిర్యానీ, కూల్‌డ్రింక్, స్వీటుతో అవసరానికి మించి 1,100 పడితే అందులో సగం పోయినట్టే. ఆరు కిలోలు తగ్గాక మాత్రం సూత్రంలో కొత్త బరువు పెట్టి మళ్ళీ లెక్కేయండి, అప్పటికి మీ ఒంటి ఖర్చే రోజుకి 72 కేలరీలు తగ్గి ఉంటుంది.