క్లిఫ్డెన్ చుట్టుపక్కల పరుగు దారులు: బాగ్ నేల మీద ఎంతవరకు వెళ్లొచ్చు?

వలసపాదం:
అందరికీ నమస్కారం. ఐర్లండ్‌లో గాల్వే కౌంటీ పడమటి చివర, కనెమారా ప్రాంతంలోని క్లిఫ్డెన్‌కి ఉద్యోగం మీద వచ్చాను. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కేబీఆర్ పార్క్ చుట్టూ, ఆదివారాలు నెక్లెస్ రోడ్ మీద పరిగెత్తే అలవాటు. ఇక్కడ ఊళ్లోంచి గాల్వే వైపు వెళ్లే ఎన్59 రోడ్డు పట్టుకుని వెళ్లొస్తున్నా కానీ ఊరు దాటితే పక్కన ఫుట్‌పాత్ లేదు, లారీ వచ్చినప్పుడల్లా అంచుకి జరిగి నిలబడాల్సిందే, పరుగు కంటే టెన్షనే ఎక్కువైపోతోంది. ఎదురుగా ట్వెల్వ్ బెన్స్ కొండలు, వాటి ముందు కనుచూపు మేర గోధుమరంగు బాగ్ నేల (ఇక్కడి చిత్తడి నేలని అలా అంటారు), మధ్యలో ఒక్క ఇల్లు కూడా కనబడదు. రోడ్డు దిగి నేరుగా కొండల వైపు పరిగెత్తొచ్చా? ఏప్రిల్‌లో జరిగే కనెమారా హాఫ్ మారథాన్‌కి తయారవ్వాలని ఉంది. వారాంతానికి 15 నుంచి 18 కిలోమీటర్లు కావాలి, మామూలు రోజుల్లో ఐదారు చాలు. కారు లేదు. ఉన్నవి రోడ్డు షూసే. ఇక్కడ పరిగెత్తినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నాచునేల:
నేరుగా దిగకండి, దయచేసి. దూరం నుంచి గడ్డి మైదానంలా కనబడుతుంది గానీ అది పీట్, అంటే నీళ్లలో సగం కుళ్లి పేరుకున్న నాచు, మొక్కల పొర, దాని బరువులో తొంభై శాతం దాకా నీళ్లే. దమ్ము చేసిన మడిలో షూస్‌తో పరిగెత్తినట్టు ఉంటుంది. గడ్డి దుబ్బు మీద కాలు ఆనుతుంది, తర్వాతి అడుగు మోకాలి దాకా దిగుతుంది, చీలమండ మెలిపడటానికి అది చాలు. లేత ఆకుపచ్చగా మెరుస్తూ సాపుగా కనబడే నాచు ఉంటుంది చూశారా, అది అన్నిటికంటే తడి చోటు, దాని దగ్గరికి అసలు పోవద్దు. ఇంకో సంగతి, పీట్ ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మనం తొక్కి చీల్చిన నాచు మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. నాకు ఈ నేలంటే ప్రాణం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మీ అవసరానికి సరిగ్గా సరిపోయేది డెరిగిమ్లా. క్లిఫ్డెన్ నుంచి బాలికనీలీ రోడ్డు మీద దక్షిణంగా ఐదారు కిలోమీటర్లు వెళ్తే బోర్డు కనబడుతుంది. అక్కడ బాగ్ మధ్యలోంచే 5 కిలోమీటర్ల లూప్ వేశారు, ఎక్కువ భాగం కంకర దారి, దాదాపు చదును, రోడ్డు షూస్ చాలు. ఊరి నుంచి పరుగెత్తుతూ వెళ్లి, లూప్ చుట్టి, వెనక్కి వస్తే మీ లాంగ్ రన్ అయిపోయినట్టే, కారు అక్కర్లేదు. అట్లాంటిక్‌ని ఆగకుండా దాటిన మొదటి విమానం 1919 జూన్ 15న దిగింది ఇక్కడే. అందులో వచ్చిన ఆల్‌కాక్, బ్రౌన్ పైనుంచి చూసి పచ్చటి మైదానం అనుకుని దించారు, చక్రాలు బాగ్‌లో కూరుకుని విమానం ముక్కు నేలకి కొట్టుకుంది. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. వాళ్లు దిగింది మార్కోనీ వైర్‌లెస్ కేంద్రం పక్కనే, 1907 నుంచి అక్కడి నుంచి సముద్రం అవతలికి సందేశాలు పంపేవారు, ఆ కేంద్రానికి కరెంటు కూడా ఈ నేలలోంచి కోసిన పీట్ కాల్చే తయారుచేసేవారు. ఆ కట్టడాల పునాదులు పరుగు దారి పక్కనే కనబడతాయి. ఒక్కసారైనా ఆగి చూడండి, పేస్ పోతే పోనీండి.

కొండగాలి:
నాచునేల గారు చెప్పింది నిజమే, కాకపోతే చదును దారి మీదే తిరిగితే ఆ హాఫ్‌కి కాళ్లు సిద్ధం కావు. ఆ రేసు చివరి మైళ్లలో 'హెల్ ఆఫ్ ద వెస్ట్' అని పిలిచే పెద్ద ఎక్కుడు ఉంది, అప్పటికే అలసిపోయి ఉంటారు కాబట్టి దానికోసం వారంలో ఒక్క రోజైనా ఎత్తు ఎక్కాలి.

ఊళ్లోంచే మొదలయ్యేది స్కై రోడ్. ఒక చుట్టు సుమారు పదిహేను కిలోమీటర్లు, పైకి వెళ్తుంటే కింద సముద్రం, దీవులు. బాగ్ తక్కువ, ఎక్కుడు ఎక్కువ. జులై, ఆగస్టుల్లో టూరిస్టు కార్లు బాగా తిరుగుతాయి, పొద్దున్నే వెళ్లండి.

ఇంకొకటి లెటర్‌ఫ్రాక్‌లో కనెమారా నేషనల్ పార్క్. బస్సు ఉంది గానీ రోజుకి కొన్నే, తిరుగు బస్సు టైం చూసుకున్నాకే బయల్దేరండి. అక్కడ డైమండ్ హిల్, ఎత్తు 442 మీటర్లు, పైదాకా వెళ్లి వస్తే ఏడు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. జనం తొక్కిడికి ఒకప్పుడు ఆ కొండ మీద నేల కోసుకుపోయింది, తర్వాత బాగ్ మీద చెక్క దారి, పైన రాళ్ల మెట్లు వేశారు. చెక్క దారి వానలో జారుతుంది, దిగేటప్పుడు నడవడమే మంచిది. శిఖరం దగ్గర గాలి ఎంతుంటుందో కింద నిలబడితే అర్థం కాదు. ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఏరన్ పసుపు హెచ్చరిక ఇచ్చిన రోజు నేనైతే వెళ్లను.

వలసపాదం:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఈ శనివారమే డెరిగిమ్లా. ఇంకో సందేహం: మ్యాప్‌లో బాలినబోయ్ నుంచి టూంబియోలా వైపు రౌండ్‌స్టోన్ బాగ్‌ని కోసుకుంటూ ఒక సన్న రోడ్డు కనబడుతోంది. అది ఒంటరిగా వెళ్లదగ్గదేనా? నేను ఎక్కువగా డ్యూటీ అయ్యాక సాయంత్రాలే పరిగెత్తుతా.

తూర్పుతీరం:
చెల్లీ, అది బాగ్ రోడ్. నాకు ఈ దేశంలో అన్నిటికంటే ఇష్టమైన దారి. రోడ్డుకి రెండు పక్కలా చిన్న చిన్న చెరువులు లెక్కలేనన్ని, దక్షిణంగా ఎరిస్‌బెగ్ కొండ, ఉత్తరంగా ట్వెల్వ్ బెన్స్, మే, జూన్‌లలో బాగ్ కాటన్ పూసి నేలంతా తెల్లటి దూది. కానీ తారు ఎగుడుదిగుడు, ఇళ్లు లేవు, ఫోన్ సిగ్నల్ మీద భరోసా పెట్టుకోలేం. మొదటిసారి ఎవరినైనా తోడు తీసుకెళ్లు. ఒంటరిగా వెళ్లే రోజు ఎటు వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరు. ఏదైనా అయితే 112.

సాయంత్రాల సంగతికొస్తే, జూన్‌లో పొద్దు గుంకేది రాత్రి పది దాటాకే, ఇబ్బంది లేదు. డిసెంబరులో నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, ఆ నెలల్లో సెలవు రోజు మధ్యాహ్నాలే నమ్ముకో. మెరిసే జాకెట్టు తప్పనిసరి, ఎదురుగా వచ్చే బళ్లు కనబడేలా కుడి అంచునే పరిగెత్తు. 2025 ఫిబ్రవరి నుంచి ఇలాంటి చిన్న రోడ్ల మీద వేగ పరిమితి 80 నుంచి 60కి తగ్గించారు, అయినా మలుపుల దగ్గర చెవిలో ఇయర్‌ఫోన్లు వద్దు.

ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, సాక్స్ అంచుల్లో గోమార్లు ఉన్నాయేమో చూసుకో. ఇక్కడి గోమార్లతో లైమ్ జబ్బు రావచ్చు, కనబడితే పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా లాగెయ్యి. గాలి లేని సాయంత్రం మిడ్జెస్ అనే దోమల్లాంటి సన్న పురుగులు ముసురుతాయి, ఆగితే కుడతాయి, పరుగులో ఉంటే అంతగా అంటవు.

గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి, దగ్గరికొచ్చాక నడువు, బెదిరించకు. గేటు ఎలా ఉందో అలాగే వదిలెయ్యి. ఈ దేశంలో ఎవరి భూమిలో పడితే వాళ్ల భూమిలో తిరిగే హక్కు లేదు, మనల్ని వెళ్లనిస్తున్నది రైతుల మంచితనమే. రోడ్డు పక్కన ఆరబెట్టిన టర్ఫ్ (పొయ్యికి కోసిన పీట్ ముక్కలు) కుప్పలు కనబడతాయి, ఆ కోత హక్కు కొన్ని కుటుంబాలకి తరతరాలుగా ఉంది, వాళ్ల చలికాలం పొయ్యి అదే. ఫొటో తీసుకో, కుప్ప మీద కూర్చోకు.

శనివారం డెరిగిమ్లాకి నీళ్లు వెంట తీసుకెళ్లు, అక్కడ కొట్టు లేదు.