అప్‌డేట్: తాతయ్య పనిచేసిన ‘కుక్రి’ ఏదో తేలింది

తాతయ్య ఫోటో వెనుక పెన్సిల్‌తో ‘కుక్రి, 1949’ అని ఉందని, 1971లో మునిగిపోయిన మన యుద్ధనౌక ఖుక్రి, ఇదీ ఒకటేనా అని ఇంతకుముందు అడిగాను. కాదు. పేరొక్కటే, ఓడలు వేరు.

తాతయ్యది రివర్ తరగతి ఫ్రిగేట్ అనే యుద్ధనౌక. 1942లో ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్‌లో జలప్రవేశం చేసింది, అప్పటి పేరు ట్రెంట్. జర్మన్ జలాంతర్గాముల నుంచి సరుకు ఓడల్ని కాపాడేందుకే ఆ తరగతిని కట్టారు. వేగం 20 నాట్లే (గంటకు సుమారు 37 కి.మీ.), కానీ ముందుభాగంలోని హెడ్జ్‌హాగ్ (ముళ్లపంది) అనే ఆయుధం జలాంతర్గాముల మీదికి ఒకేసారి 24 బాంబులు విసిరేది. ఫోటోలో తాతయ్య వెనుక ముళ్లపందిలా కనిపించేది అదేనని నా నమ్మకం. 1946లో మన నౌకాదళంలోకి వచ్చి కుక్రి అయింది. 1951 నుంచి ఇన్వెస్టిగేటర్ పేరుతో సముద్రాన్ని సర్వే చేసింది. తాతయ్య చెప్పిన ‘లోతు కొలిచే ఓడ’ కూడా ఇదే! రెండు ఓడలనుకుని ఇన్నాళ్లూ వెతికాను.

1971 డిసెంబరు 9న డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోకు బలైన ఖుక్రి 1956లో జలప్రవేశం చేసినది. అందులో 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆ వార్త విన్న రోజు తాతయ్య అన్నం ముట్టలేదని నానమ్మ చెప్పేది. తన ఓడ కాకపోయినా, ఆ పేరు తనదే కదా.